ఇరుక్కుపోయినప్పుడు ఏం చేస్తుందో చూసి పజిల్ గేమ్ ఎంచుకోండి

పజిల్ గేమ్ కొనేముందు చాలామంది చూసేది ట్రైలర్. బొమ్మలు బాగున్నాయా, సంగీతం బాగుందా, రేటు ఎంత అనే మూడు ప్రశ్నలతో కొన్న గేమ్ రెండో వారానికి డెస్క్‌టాప్ మీద ఐకాన్‌గా మిగిలిపోతుంది. ఎందుకంటే పజిల్ గేమ్‌లో సగం సమయం ఏమీ తోచక తెరవైపు చూస్తూ కూర్చునే సమయమే. ఆ సగంలో గేమ్ మనతో ఎలా ఉంటుందన్నది ట్రైలర్‌లో కనిపించదు. పులి-మేక ఆడినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. ‘సరే, వెనక్కి పెట్టుకో’ అనే తాతయ్యతో ఆడటం వేరు, ‘చెయ్యి తీశావు, అయిపోయింది’ అనే పక్కింటి పిల్లాడితో ఆడటం వేరు. పీట అదే, గీతలు అవే, ఆట మాత్రం ఒకటి కాదు.

బెజవాడలోనో గుంటూరులోనో గేమింగ్ అంటే మామూలుగా తుపాకుల ఆటలు, కార్ల ఆటలు, క్రికెట్. వాటికి గ్రాఫిక్స్ కార్డు కావాలి, ఆగని నెట్ కావాలి. ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు ఇంజనీరింగ్ కాలేజీకి కొన్న మామూలు ల్యాప్‌టాప్ మీద, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా, నెట్ ఆపేసినా నడుస్తాయి. ఒకరిద్దరు, పదిమంది కలిసి చేసిన గేములివి. ప్రకటనలకి డబ్బు లేక, మన వైపు పెద్దగా పేరు వినబడలేదు.

ఒక్క ఇబ్బంది ఉంది. వీటిలో దేనికీ తెలుగు లేదు. అందుకే ప్రతిదానికీ ఇంగ్లీషు ఎంత కావాలో కూడా చెబుతున్నాం. కొన్నిటికి ఒక్క ముక్క అక్కర్లేదు, కొన్నిటికి పాతకాలపు ఉత్తరాలు చదివే ఓపిక కావాలి.

చచ్చింది ఎవరు, చంపింది ఎవరు

డిటెక్టివ్ గేముల్లో ముందు పోల్చాల్సినవి రెండు: 2018లో లూకాస్ పోప్ దాదాపు ఒంటి చేత్తో చేసిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’, 2022లో లాట్వియాకి చెందిన ఇద్దరు అన్నదమ్ములు చేసిన ‘ది కేస్ ఆఫ్ ది గోల్డెన్ ఐడల్’.

ఓబ్రా డిన్ ఒక ఓడ పేరు. 1802లో లండన్ నుంచి బయల్దేరి, మధ్యలో జాడ లేకుండా పోయి, 1807లో ఒక్క ప్రాణి కూడా లేకుండా తీరానికి కొట్టుకొస్తుంది. మీరు ఈస్టిండియా కంపెనీ తరఫున నష్టం లెక్క రాయడానికి ఓడెక్కిన మనిషి. 1611లో బందరులో కోఠీ పెట్టిన కంపెనీ అదే కాబట్టి, ఓడ సిబ్బంది జాబితాలో మన దేశపు నావికుల పేర్లు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. చేతిలో ఒక గడియారం ఉంటుంది. శవం దగ్గర దాన్ని తెరిస్తే ముందు చీకట్లో ఆఖరి మాటలు వినిపిస్తాయి, తరవాత ఆ చావు క్షణం శిల్పంలా ఆగిపోయి కనిపిస్తుంది. ఆ దృశ్యం చుట్టూ తిరిగి చూడాలి. మొత్తం 60 మంది. ప్రతి ఒక్కరికీ పేరు, ఏమైపోయారు, చంపినవాళ్లుంటే ఎవరు అన్నది పుస్తకంలో నింపాలి.

ఇక్కడ ఇరుక్కుపోవడం ఎలా ఉంటుందంటే, ఒక్కొక్కటిగా ‘రైటు’ అని చెప్పదు. ముగ్గురి వివరాలు పూర్తిగా సరిపోయినప్పుడే ఆ మూడూ అచ్చులో ఖాయమవుతాయి. ఊరికే అంచనాలు వేసి నెట్టుకుపోకుండా పెట్టిన పద్ధతి ఇది. కొత్తవాళ్లు ఇక్కడే తప్పు అర్థం చేసుకుంటారు. ఖాయం కాలేదంటే రాసింది తప్పని కాదు, మూడు పోగవలేదని మాత్రమే. చాలామంది ఆ తొందరలో సరైన జవాబుని చెరిపేసుకుంటారు. పుస్తకంలో మొహం మసకగా ఉంటే ఆ మనిషిని గుర్తుపట్టేంత సమాచారం ఇంకా మీ కంటపడలేదని అర్థం. వాళ్లని వదిలెయ్యండి. మొహం స్పష్టంగా ఉంటే దాని కింద చిన్న త్రికోణాలుంటాయి. ఒక్కటుంటే తేలిక, మూడుంటే కష్టం. ముందు ఒక్క త్రికోణం ఉన్నవాళ్లని పూర్తి చేస్తే మిగతావాళ్ల సంఖ్య దానంతటదే తగ్గుతుంది. చివర్లో అయిదారుగురు మొండికేస్తే, ఖాయంగా తెలిసిన ఇద్దరిని రాసి ఉంచి మూడోవాడి పేరు మార్చి మార్చి చూడొచ్చు. దొంగదారే, కాదనం. కానీ 50 మందిని నిజాయితీగా తేల్చినవాళ్లకి ఆ మాత్రం చెల్లుతుంది.

బొమ్మంతా రెండే రంగుల చుక్కలతో ఉంటుంది, పాత మ్యాకింటోష్ తెర మాదిరి. ఇది అందానికే కాదు, చిక్కుకి కూడా మూలం. తెర రిజల్యూషన్ తగ్గించి ఆడితే చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి అలల్లా కదులుతాయి, తలనొప్పి వస్తుంది. తెర అసలు రిజల్యూషన్‌లోనే ఆడండి. సెట్టింగ్స్‌లో వేరే పాత మానిటర్ల రంగులు కూడా ఉన్నాయి, కళ్లకి ఏది హాయిగా ఉంటే అది పెట్టుకోండి. గంటకోసారి లేవడం మంచిది.

గోల్డెన్ ఐడల్ ఇంకో రకం. నడిచేది లేదు. ఒక చావు దృశ్యం చదునుగా ఎదురుగా ఉంటుంది. మనుషుల మీద నొక్కితే జేబుల్లో ఏముందో కనిపిస్తుంది. ఉత్తరాలు, చీటీలు, గోడ మీద రాతలు చదువుతూ పోతే పేర్లు, వస్తువులు, పనులు మాటల మూటలా పోగవుతాయి. తరవాత మరో పేజీలో ‘ఫలానా వాడు ఫలానా వాడిని ఫలానా దానితో…’ అని ఖాళీలున్న పేరా. అందులో మాటలు నింపాలి. మొదటి కేసే చూడండి: కొండ అంచున ఇద్దరు, ఒకడు ఇంకొకణ్ణి తోసేస్తున్నాడు. తోసింది ఎవరో కళ్లెదుటే ఉంది, వాళ్ల పేర్లే తెలియవు. జేబులు వెతికితే పేర్లు దొరుకుతాయి, ఏ పేరు ఎవరిదో మాత్రం మీరే తేల్చాలి. గేమ్ మొత్తం ఈ ఒక్క ఉపాయం మీద పెరుగుతూ పోతుంది.

ఇరుక్కున్నప్పుడు దీని తీరు కొంచెం మెత్తన. ఖాళీలన్నీ నిండాక తప్పులు రెండో అంతకంటే తక్కువో ఉంటే ఆ మాట చెబుతుంది. అంటే దగ్గరికొచ్చారో లేదో తెలుస్తుంది. కేసు కేసుకీ మధ్య ఆగొచ్చు, రోజుకొక్కటి చొప్పున ఆడొచ్చు. ఓబ్రా డిన్ అలా కుదరదు. వారం రోజులు వదిలేస్తే ఏ మొహం ఎవరిదో మర్చిపోయి మళ్లీ ఓడంతా తిరగాలి.

ఇంగ్లీషు మాటకొస్తే తూకం తిరగబడుతుంది. ఓబ్రా డిన్‌లో యాసలు వినాలి, కానీ అన్న మాటలన్నీ పుస్తకంలో రాసి ఉంటాయి, అవి పొట్టి మాటలు. గోల్డెన్ ఐడల్‌లో పద్దెనిమిదో శతాబ్దపు వీలునామాలు, దొరల మర్యాదలు. చదవడం విసుగైతే 2024లో వచ్చిన దాని రెండో భాగం ‘ది రైజ్ ఆఫ్ ది గోల్డెన్ ఐడల్’ నుంచి మొదలుపెట్టినా కొంప మునగదు. అది 1970ల కథ, భాష మనకి దగ్గర. మొదటి భాగానికి విడిగా కొనుక్కునే అదనపు కేసుల్లో ఒకదాని పేరు ‘ది స్పైడర్ ఆఫ్ లంక’. పేరు చూసి ముందు అదే కొనకండి, అసలు గేమ్ అయ్యాక ఆడాల్సినది.

చుట్టరికాలు తవ్వడం ఇష్టమైనవాళ్లకి మూడోది కూడా ఉంది: 2025లో స్టీమ్‌లోకి (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) వచ్చిన ‘ది రూట్‌ట్రీస్ ఆర్ డెడ్’. 1998 నాటి నెమ్మది ఇంటర్నెట్ ముందు కూర్చుని, ఒక మిఠాయి కంపెనీ కుటుంబం వంశవృక్షంలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చాలి. బీరకాయపీచు చుట్టరికాన్ని కూడా వరస కట్టి పిలిచే మనవాళ్లకి ఇది చేతికి అలవాటైన పని. పైగా ఆస్తి పంపకం ఉంది. ఖాయం చేసే పద్ధతి ఓబ్రా డిన్ లాగే మూడేసి చొప్పున. కానీ చదవాల్సింది మాత్రం కుప్పలు. ఇంగ్లీషు పత్రిక ఆడుతూ పాడుతూ చదివేవాళ్లకే.

తెలియని లిపి

గుంటూరు జిల్లా నుంచి విడిపోయి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న భట్టిప్రోలులో 1892లో బయటపడ్డ బౌద్ధుల ధాతు పేటికల మీది రాతలు ప్రాచీన బ్రాహ్మి లిపిలో ఒక రకమే, కానీ మామూలు బ్రాహ్మి కాదు. ‘మ’ తలకిందులుగా ఉంటుంది. మామూలు బ్రాహ్మిలో హల్లు ఒంటరిగా ఉంటే ‘అ’ కలుపుకుని చదవాలి. ఇక్కడ ఆ ‘అ’ కోసం విడిగా ఒక గీత పెట్టారు. ఆ చిన్న తేడా పట్టుకోకపోతే ప్రతి మాటా తప్పే చదువుతాం. ఇలాంటి పనిని గేముగా చేస్తే ఎలా ఉంటుందో చెప్పేవి రెండున్నాయి, రెంటికీ పద్ధతిలో పొంతన లేదు.

‘చాంట్స్ ఆఫ్ సెనార్’ 2023లో ఫ్రాన్స్‌లోని రన్‌డిస్క్ అనే చిన్న బృందం చేసింది. ఒక మహా గోపురం, అందులో అంతస్తుకో జాతి, జాతికో భాష. మొత్తం అయిదు భాషలు. ఎవరి మాటా ఎవరికీ తెలియదు, మీకు ఎవరిదీ తెలియదు. తలుపు పక్కన మీట, మీట దగ్గర రెండు గుర్తులు కనిపిస్తాయి. మీట లాగితే తలుపు కదిలింది. అంటే ఆ గుర్తుల్లో ఒకటి ‘తలుపు’ కావచ్చు, ‘తెరువు’ కావచ్చు. ఆ ఊహ నోటుబుక్కులో గుర్తు పక్కన రాసుకుంటారు. ఇంకోచోట అదే గుర్తు తలుపు లేని చోట కనబడితే ఊహ కొట్టేస్తారు. కొన్ని గుర్తులు చూశాక నోటుబుక్కులో బొమ్మల పేజీ తెరుచుకుంటుంది. పేజీలోని బొమ్మలన్నిటికీ సరైన గుర్తులు అతికిస్తే అవి అప్పుడు ఖాయం.

మొదటి భాషలో ఒక గుర్తు పక్కపక్కనే రెండుసార్లు వస్తుంది. చాలామంది దాన్ని ముద్రణ లోపమనో, నొక్కి చెప్పడమనో అనుకుని దాటిపోతారు. మనకి మాత్రం ‘ఊరూరా’, ‘ఇంటింటా’ అనే అలవాటుంది. రెండుసార్లంటే ఒకటి కాదు, చాలా అని ముందే తోచాలి. పై అంతస్తుల్లో మాటల వరసే మారిపోతుంది. కర్త, క్రియ, కర్మ వరసకే అలవాటు పడ్డవాళ్లు అక్కడ తడబడతారు. క్రియ చివరికి పోయినా, కర్మ ముందుకొచ్చినా మాట్లాడుకోగలిగే మనకి ఆ తడబాటు తక్కువ. ఈ ఒక్క గేములో తెలుగు తెలియడం లాభమే.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఊహని నోటుబుక్కులో రాయకుండా తలలో పెట్టుకుంటారు. రెండో భాష దగ్గరికొచ్చేసరికి రెండూ కలిసిపోతాయి. రాసేటప్పుడు కూడా ‘మనిషి’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. ‘మనిషి? భక్తుడు?’ అని రెండూ ఉంచండి. రెండో చిక్కు, కాపలావాళ్ల కంటపడకుండా నక్కుతూ పోవాల్సిన చోట్లు. పజిల్‌కి సంబంధం లేని పని, రెండో అంతస్తులో ఎక్కువ. దొరికిపోతే కొంచెం వెనక నుంచి మళ్లీ మొదలవుతుంది, పోయేది ఏమీ ఉండదు. అయినా చికాకే. గేమ్‌లో బలహీనమైన భాగం అదే.

‘హెవెన్స్ వాల్ట్’ 2019లో ఇంగ్లండ్‌లోని ఇంకిల్ సంస్థ చేసింది. పురావస్తు శాస్త్రవేత్త ఒకావిడ, ఒక రోబో, నెబ్యులాల (అంతరిక్షంలోని మేఘాలు) మధ్య పారే నదుల మీద పడవ. ఇందులో ఒకటే ప్రాచీన భాష. శాసనం దొరికినప్పుడల్లా దాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ ఇచ్చిన అర్థాల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నది తప్పైనా కథ ఆగదు. ఆ తప్పు అర్థంతోనే పాత్రలు మాట్లాడుకుంటాయి, చాలాసేపటి తరవాత ఇంకో శాసనంలో ఆ మాట కుదరక పోయినప్పుడు తప్పని తెలుస్తుంది. నిజంగా శాసనాలు చదివేవాళ్ల బతుకు ఇలాగే ఉంటుంది. అంటే ఇక్కడ ఇరుక్కుపోవడమే లేదు. బదులుగా అనుమానం ఉంటుంది, గేమ్ పొడుగునా.

చాంట్స్‌లో ఇంగ్లీషు దాదాపు అక్కర్లేదు. హెవెన్స్ వాల్ట్‌లో మాటలు విపరీతం, పడవ నడిపే భాగం నిదానం. ‘రైటు’ అని వినకపోతే నిద్రపట్టని మనిషైతే చాంట్స్ తీసుకోండి. కథ కోసం, మనుషుల కోసం ఆడేవాళ్లయితే రెండోది. రెండూ కొనే ఉద్దేశముంటే చాంట్స్ ముందు ఆడండి. హెవెన్స్ వాల్ట్ పూర్తయ్యాక మళ్లీ మొదలుపెడితే నేర్చుకున్న మాటలు మీ దగ్గరే ఉంటాయి, శాసనాలు ఇంకా పొడుగవుతాయి. అందుకే అది తొందరగా అయిపోయే పని కాదు.

గళ్లలో తోసుడు

పెట్టెలు తోసే ఆటలకి మూలం 1982లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన సోకోబాన్. నియమం ఒక్కటే. తోయగలరు, లాగలేరు. నలభై ఏళ్ల తరవాత కూడా అన్ని తప్పులూ ఈ ఒక్క నియమం దగ్గరే. ఏ వైపుకి తోయాలో దానికి ఎదురు పక్కన మీరు నిలబడటానికి ఒక ఖాళీ గడి ఉండాలి. తోసేముందు ఆ గడి ఉందా అని చూసే అలవాటు వస్తే సగం లెవెల్స్ తేలికవుతాయి. వస్తువు గోడకి ఆనిందంటే ఇక ఆ గోడ వెంబడే జరుగుతుంది. మూలకి చేరిందంటే అంతే సంగతులు.

‘బాబా ఈజ్ యు’ ఈ నియమం మీద ఇంకో మెట్టు కట్టింది. ఫిన్లాండ్‌కి చెందిన ఆర్వి తేయికారి 2017లో ఒక గేమ్ జామ్ (కొద్ది రోజుల్లో గేమ్ తయారుచేసే పోటీ) కోసం మొదలుపెట్టి 2019లో విడుదల చేశాడు. నియమాలే ఇక్కడ గళ్లలో పడున్న మాటల దిమ్మెలు. ‘వాల్’, ‘ఈజ్’, ‘స్టాప్’ అనే మూడు దిమ్మెలు వరసగా ఉన్నంతసేపూ గోడ అడ్డం. ‘స్టాప్’ని ఒక్క గడి పక్కకి తోస్తే వాక్యం విరిగిపోయి గోడ ఉట్టి బొమ్మ అయిపోతుంది, దాని మీంచి నడిచిపోవచ్చు. ‘వాల్’, ‘ఈజ్’ పక్కన ‘యు’ తెచ్చి పెడితే గోడే మీరు. వాక్యం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి మాత్రమే పనిచేస్తుంది. తిరగేసి పేరిస్తే పలకదు. ‘బాబా ఈజ్ యు’ అనే వాక్యమే పొరపాటున విరిగితే మీరంటూ ఎవరూ ఉండరు, ఏ మీట నొక్కినా కదలదు. గేమ్ హ్యాంగయిందని ఆపేస్తారు కొందరు. వెనక్కి మీట నొక్కితే చాలు, ఎన్ని అడుగులైనా వెనక్కి వెళ్తుంది.

ఇది 200కి పైగా లెవెల్స్ ఉన్న గేమ్, అన్నీ ఆడక్కర్లేదు. ఒక్కో ప్రాంతంలో కొన్ని పూర్తి చేస్తే తరవాతది తెరుచుకుంటుంది. ఒక లెవెల్ మీద అరగంట దాటితే వదిలేసి మ్యాప్‌లో పక్కకి పొండి. హింట్ లేదు, అది దీని పెద్ద లోటు. ఇంగ్లీషు మాటలు చిన్నవే, అయిదో తరగతి పిల్లలకి కూడా వచ్చేవి. కానీ గేమ్ పిల్లలది కాదు.

పిల్లలది అనుకుని మోసపోయేది ఇంకొకటి ఉంది, 2015 నాటి ‘స్నేక్‌బర్డ్’. రంగురంగుల పిట్టలు, పళ్లు, నీలాకాశం. పండు తింటే పిట్ట ఒక గడి పొడుగవుతుంది, ఒంట్లో ఒక్క ముక్కైనా దేనిమీదో ఆనకపోతే కిందపడుతుంది. మూడో నాలుగో లెవెల్‌కే పెద్దవాళ్లు బుర్ర గోక్కుంటారు. చిన్నపిల్లలున్న ఇంటికైతే 2019లో వచ్చిన ‘స్నేక్‌బర్డ్ ప్రైమర్’ తీసుకోండి. అదే ఆట, మెట్లు చిన్నవి.

ఈ రకంలో మొట్టమొదటిసారి ఆడేవాళ్లకి మా ఓటు మాత్రం బాబాకి కాదు, ‘ప్యాట్రిక్స్ పారాబాక్స్’కి. 2022లో వచ్చింది. పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలోనే మొదటి పెట్టె. వినడానికి తల తిరుగుతుంది గానీ ప్రతి లెవెల్ ఒకే ఒక్క కొత్త సంగతి నేర్పి ఊరుకుంటుంది, కష్టమైనవి పక్కదారిలో విడిగా ఉంటాయి. చదవాల్సింది దాదాపు శూన్యం. ఇరుక్కుపోతే కోపం రాని మనస్తత్వం కావాలంటే ఇక్కడ అలవాటు చేసుకోవాలి.

ఇరుక్కుపోవడమే వద్దనుకునేవాళ్లకి 2020 నాటి ‘ఎ మాన్‌స్టర్స్ ఎక్స్‌పెడిషన్’. చెట్టుని నెడితే పడుతుంది, పడ్డ దుంగని పక్క నుంచి తోస్తే ఏదైనా తగిలేదాకా దొర్లుతుంది, కొస నుంచి తోస్తే లేచి నిలబడుతుంది. నీళ్లలో పడితే వంతెన. ఒక లంకలో తోచకపోతే వేరే వైపు లంకలు ఎన్నో. అక్కడ నేర్చుకున్నది పట్టుకుని వెనక్కి రావచ్చు. ‘క్యాన్ ఆఫ్ వార్మ్‌హోల్స్’లో హింట్ అడిగితే జవాబు చెప్పదు, అదే కిటుకుతో ఒక చిట్టి లెవెల్ ఇస్తుంది. అది తేలిస్తే పెద్దది మీరే తేలుస్తారు. హింట్ ఇచ్చే తీరులో దీన్ని మించింది మా ఎరుకలో లేదు. ‘స్టీఫెన్స్ సాసేజ్ రోల్’ అని ఇంకొకటి అందరూ పొగుడుతారు. పైవన్నీ అయ్యాక చూడండి, ముందు వద్దు.

ఫోన్ ఒక్కటే ఉంటే

బెజవాడలో రైలెక్కి హైదరాబాద్‌లో దిగేలోపు మొదలుపెట్టి ముగించగలిగేది ‘గొరొగోవా’. 2017లో వచ్చింది, బొమ్మలన్నీ జేసన్ రాబర్ట్స్ చేత్తో వేసినవి. తెర మీద నాలుగు గళ్లు, ఒక్కో గడిలో ఒక బొమ్మ. గడిని జరపొచ్చు, బొమ్మలోకి వెళ్లొచ్చు, బయటికి రావచ్చు. బొమ్మలోంచి ద్వారం చట్రాన్ని మాత్రం ఊడబెరికి ఇంకో బొమ్మ మీద పెడితే ఆ ద్వారం అక్కడికి తెరుచుకుంటుంది. ఒక్క మాట కూడా ఉండదు. రెండు గంటల ఆట. ఇరుక్కుపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఏదో ఒక గడిలో లోపలికి వెళ్లి, బయటికి రావడం మర్చిపోయి ఉంటారు. నాలుగింటినీ పూర్తిగా బయటికి తెచ్చి మళ్లీ చూడండి.

‘మెషినారియం’ అంతకంటే పెద్దది, పాతది. 2009లో చెక్ దేశపు అమానిటా డిజైన్ చేసింది. దీంట్లోనూ మాటల్లేవు, ఆలోచనలు బుడగల్లో బొమ్మలుగా కదులుతాయి. తుప్పు పట్టిన ఊరు, జోసెఫ్ అనే చిన్న రోబో. వస్తువు కళ్లెదుటే ఉన్నా తీయడం లేదని మొరపెట్టుకునేవాళ్లు గమనించనిది ఒకటుంది. జోసెఫ్ పక్కన నిలబడ్డప్పుడే, చేతికి అందేదే తీస్తాడు. వాడి ఒంటిని పైకి లాగితే పొడుగవుతాడు, కిందికి నొక్కితే పొట్టి అవుతాడు. మూడు ఎత్తుల్లోనూ ప్రయత్నించాలి. ప్రతి తెరకీ ఒక చిన్న హింట్ ఉంది. పూర్తి జవాబు పుస్తకం కూడా ఉంది గానీ దానికి తాళం. ఒక చెత్త చిన్న ఆట ఆడి గెలిస్తేనే తెరుచుకుంటుంది. జవాబు చూడాలన్న సరదా ఆ విసుగుతోనే సగం చస్తుంది, కావాలనే పెట్టారు. కల్లుపాకలాంటి చోట ఒకడితో అయిదు వరసగా పెట్టే ఆట ఆడాల్సి వస్తుంది, అక్కడ చాలామంది ఆగిపోతారు. వాడి వరస మూడుకి చేరగానే అడ్డం వెయ్యండి, నాలుగయ్యాక వేస్తే ఆలస్యం.

‘ది రూమ్’ వరస కూడా ఫోన్‌కి సరిపోతుంది. మర్మం పెట్టెలు, మీటలు, తాళాలు. ఆగితే కాసేపటికి హింట్లు ఒకటొకటిగా అవే వస్తాయి. ‘రస్టీ లేక్’ వాళ్ల క్యూబ్ ఎస్కేప్ గేములు చాలావరకు ఉచితం, కానీ రక్తం, భయం ఉంటాయి. పిల్లల చేతికి ఇవ్వొద్దు.

2023లో వచ్చిన ‘కొకూన్’ ఫోన్‌ది కాదు గానీ మాటల్లేని గేముల్లో ఇక్కడ చెప్పకుండా ఉండలేం. ఒక్కో గోళంలో ఒక్కో లోకం, గోళాన్ని వీపున మోసుకుని ఇంకో లోకంలోకి వెళ్లాలి. మీకు అక్కర్లేని దారులు వెనకే చప్పుడు లేకుండా మూసుకుపోతాయి, కాబట్టి కావాల్సింది ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. ఇది పాత ల్యాప్‌టాప్‌ని కొంచెం ఇబ్బంది పెడుతుంది, ముందు డెమో దొరికితే అది నడిపి చూడండి.

గేములు ఆడని ఇంట్లోవాళ్లతో

అమ్మతోనో అత్తగారితోనో కలిసి కూర్చుని ఆడాలంటే ‘వెన్బా’. 1980ల్లో కెనడా వెళ్లిన తమిళ కుటుంబం, ఆ ఇంటి ఇల్లాలికి వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకం. పేజీలు చిరిగి, మాటలు చెరిగిపోయి ఉంటాయి. పోయిన మెట్టు ఏమిటో కనిపెట్టి ఇడ్లీ వెయ్యాలి, పుట్టు చెయ్యాలి, బిర్యానీ వండాలి. కుక్కర్లో నీళ్లు, ప్లేట్లకి నూనె, పిండి, ప్లేట్లు ఏ వరసలో పేర్చాలి అన్నవి మన ఇళ్లలో పజిల్ కాకపోవచ్చు. వంట వచ్చినవాళ్లు పక్కనుండి చెబుతుంటే ఆడేవాళ్లకి నామోషీ, అదే సరదా. మాడితే మళ్లీ మొదలు, శిక్ష లేదు. గంటన్నరలో అయిపోతుంది. సంభాషణలు ఇంగ్లీషులో ఉంటాయి, తేలికవే.

దానితో పోలిస్తే 2021 నాటి ‘అన్‌ప్యాకింగ్’ పొడుగు, మాటలు లేనిది. 1997 నుంచి 2018 దాకా ఒకమ్మాయి ఎనిమిదిసార్లు ఇల్లు మారడం. అట్టపెట్టెలు విప్పి సామాను సర్దడమే. పెట్టకూడని చోట పెడితే చివర్లో ఎర్రగా మెరుస్తుంది. వాళ్ల వంటింటి పద్ధతి మనది కాదు కాబట్టి ఆ ఎరుపు ఒక్కోసారి అన్యాయంగా అనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఏ వస్తువైనా ఎక్కడైనా పెట్టుకోనిచ్చే మీట ఉంది, అది వేస్తే గొడవ వదులుతుంది.

కొనేటప్పుడు, ఆడేటప్పుడు

స్టీమ్‌లో రూపాయల్లో ధర ఉంటుంది, యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే రిఫండ్ అడగొచ్చు. కొన్ని పేమెంట్ పద్ధతులకి డబ్బు బ్యాంకుకి కాక స్టీమ్ వాలెట్‌లోకే వస్తుంది. ఆ రెండు గంటల్లో మెనూ తెరిచి ఉంచి టిఫిన్‌కి వెళ్లిన సమయం కూడా కలుస్తుంది, కాబట్టి పరీక్షించేటప్పుడు గేమ్ మూసేసి లేవండి. గొరొగోవా, వెన్బా లాంటివి రెండు గంటల్లో పూర్తి చేసి డబ్బు వెనక్కి అడగడం కుదరొచ్చు. ఇడ్లీ తిని పచ్చడి బాగాలేదనడం లాంటిది అది. తొందర లేకపోతే విష్‌లిస్ట్‌లో పెట్టి స్టీమ్ సమ్మర్ సేల్‌కో డిసెంబర్ సేల్‌కో ఆగండి. గూగుల్ ప్లేలో వ్యవధి ఇంకా తక్కువ, రెండు రోజుల్లోపే తేల్చుకోవాలి.

హాస్టల్లో నెట్ ఉండదనుకుంటే ఇంట్లో ఉన్నప్పుడే స్టీమ్‌లో లాగిన్ అయి పాస్‌వర్డ్ గుర్తుంచుకోమని పెట్టండి. గేమ్ అప్‌డేట్ పూర్తిగా అయ్యాక ఒకసారి తెరిచి మొదటి తెర దాకా వెళ్లి మూసెయ్యండి. ఆ తరవాత ఆఫ్‌లైన్ మోడ్‌లోకి మారండి. చాలామంది మధ్యలో ఒకసారి తెరవడం అనే మెట్టు దాటేసి, హాస్టల్‌కి వెళ్లాక గేమ్ తెరుచుకోవడం లేదంటారు.

మే నెల ఎండల్లో ఇంకో సంగతి. ఇంత చిన్న గేమ్‌కి ల్యాప్‌టాప్ ఎందుకు కాలిపోతోందని అనుమానం వస్తుంది. బొమ్మ తేలిక కాబట్టి అడ్డు లేకపోతే సెకనుకి వందల ఫ్రేములు గీస్తూ పోతుంది, ఫ్యాన్ మోగుతుంది. సెట్టింగ్స్‌లో వీసింక్ (ఫ్రేముల వేగాన్ని తెర వేగానికి కట్టే మీట) వెయ్యండి, లేదా 60 ఫ్రేములకి కట్టెయ్యండి. తేడా కంటికి కనపడదు, చేతికి తెలుస్తుంది.

డెస్క్‌టాప్ మీద ఆడుతుండగా కరెంటు పోతే గళ్ల గేముల్లో పోయేది ఆ ఒక్క లెవెల్. కథ గేముల్లో వెనకటి ఆటోసేవ్ దాకా పోతుంది. అసలు ప్రమాదం కరెంటు వచ్చాక ఉంది. నెట్‌లో సేవ్‌లు దాచే స్టీమ్ క్లౌడ్‌కి కాపీ వెళ్లేలోపు కంప్యూటర్ ఆగిపోతే, తిరిగి తెరిచినప్పుడు ఇక్కడున్న సేవ్ కావాలా, క్లౌడ్‌లోది కావాలా అని అడుగుతుంది. రెండింటి పక్కనా తేదీ, సమయం రాసి ఉంటాయి. తరవాతి సమయం ఉన్నది ఎంచుకోండి. కంగారులో పాత సమయం ఉన్నది నొక్కితే బాబాలో ఆదివారమంతా కూర్చుని తేల్చిన లెవెల్స్ మళ్లీ మొదటి నుంచి.